మంచం మీది మనిషిని అడగండి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు అంత మంచిది కాదు, ముందే చెప్పేస్తున్నాను. చెప్పబోయే సంగతి కూడా తియ్యగా చెప్పడానికి వీలయ్యేది కాదు.

నాకు వచ్చిన జబ్బు పేరు మా వీధిలో పాలు పోసే అతనికి తెలుసు. ఇస్త్రీ బండి అతనికి తెలుసు. తళవాయిపురంలో ఉండే మా చిన్నమ్మ వియ్యపురాలికి కూడా తెలుసు. ఆమె నన్ను చూడడానికి వచ్చి, చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, అయ్యనారు సామి చూసుకుంటాడులే అని చెప్పి వెళ్ళింది. ఒక గడ్డకు ఇంత ఏడుపెందుకో నాకు అర్థం కాలేదు. ఎందుకంటే నాకు చెప్పింది గడ్డ అనే. మదురైకి తీసుకెళ్ళి తీయించారు. ఆ తర్వాత మా ఊరి ఆస్పత్రిలోనే బలానికి ఊసి వేయించాలన్నారు. సూదిమందును మేము ఊసి అంటాం. బలానికి వేసే ఊసికి జుట్టెందుకు రాలుతుందని అడిగితే, ఒంట్లో సూడు ఎక్కువైందన్నారు. మా వైపు పంటినొప్పి మొదలుకుని పరీక్ష ఫెయిలవడం దాకా అన్నింటికీ ఒంటి వేడే కారణం, కాబట్టి నేనూ తలూపాను.

అనుమానం రాలేదా అంటే వచ్చింది. అడిగాను కూడా. మా ఆయన రామలింగ రాజా నేలచూపులు చూస్తూ, "అన్నను అడుగు ధనం" అన్నారు.

అన్న అంటే మా బావగారు, విజయరాఘవ రాజా. మిల్లు పెద్ద, మా చావడికి పెద్ద, ఊళ్ళో మా వాళ్ళు కట్టించిన ట్రస్టు ఆస్పత్రికీ ఆయనే పెద్ద. తరాల కిందట తెలుగుసీమ నుంచి ఈ తమిళ ఊరికి వచ్చిన మా రాజుల్లో ఒక్కో కోటకు, అంటే ఒక్కో వాడకు, ఒక్కో చావడి ఉంటుంది. ఏ మాట తేలాల్సి వచ్చినా అక్కడ కూడతారు. ఇంటికొక మగవాడు మాట్లాడతాడు, మిగిలినవాళ్ళు వింటారు. పెళ్ళి సంగతులకూ పొలం గట్ల తగాదాలకూ అది బాగానే పని చేసిందనుకుంటాను. మా బావగారు చేసిన పనల్లా ఆ పద్ధతిని ఆస్పత్రిలోకి మోసుకుని రావడం. అక్కడ మంచం మీద పడుకున్న ఆడమనిషిని ఎవరూ ఏమీ అడగరు. పక్కన స్టూలు మీద కూచున్న మగవాణ్ణి అడుగుతారు. తిన్నదా, నిద్రపోయిందా, నొప్పి ఉందా అని నర్సు అతని ముఖం చూసి అడుగుతుంది, అతను చెబుతాడు. జబ్బు పేరు రోగి చెవిన పడకూడదన్నది అందులో మొదటి కట్టుబాటు. వింటే గుండె ఆగిపోతుందట. మా ఇళ్ళలో ఆడవాళ్ళ గుండెలు ఎన్ని విని ఆగకుండా ఉన్నాయో వీళ్ళకేం తెలుసు!

మొదటి ఊసి అయిన తర్వాతి వారం మా ఆయనా బావగారూ నూలు పని మీద కోయంబత్తూరు వెళ్ళారు. ఆ రోజు సాయంత్రం నాకు జ్వరం వచ్చింది. జ్వరమే కదా అని నిలవేంబు, అదే నేలవేము, కషాయం కాచుకుని తాగి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మర్నాడూ అదే కషాయం. ఆ మర్నాడు పొద్దున వంటింటి గడప దాటబోతూ పడిపోయాను. ఎదురింటి సంతానలక్ష్మి చూసి ఆటోలో పడేసి ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

స్పెషల్ రూములు ఖాళీ లేక ఆడవాళ్ళ వార్డులో పడుకోబెట్టారు. నా చేతికి సూది గుచ్చుతున్న నర్సు తేన్మొళి. సేత్తూరు పిల్ల, తమిళ పిల్లే గాని వార్డులో మాతో మాట్లాడి మాట్లాడి మా తెలుగు పట్టేసింది, 'మాత్రమే' అనాల్సిన చోట మేమనే 'దా'తో సహా. కోపం వస్తే మా కంటే బాగా మాట్లాడుతుంది. ఆ రోజు కోపంలోనే ఉంది.

"జొరం ఎప్పుడు నుంచి అమ్మా?"

"మొన్న నుంచి."

"మొన్న నుంచా! ఈ ఊసి వేసినంక జొరం వస్తే ఉడనే రావాల, ఒక పూట కూడా ఆగగూడదు అని చెప్పినాము కదా?"

"ఎవరికి చెప్పినారు?"

"పెరియవరుకు." ఆస్పత్రిలో బావగారిని అందరూ అట్లాగే అంటారు, పెద్దాయన అని.

"పెరియవరు కోయంబత్తూరులో ఉండారు," అన్నాను. "జొరం నా ఒంట్లో ఉండాది."

ఆ పిల్ల సూదికి పట్టీ వేసి డాక్టరు కోసం పరుగెత్తింది. డాక్టరు వచ్చి పరుగులు పెట్టించాడు, సీసా మీద సీసా ఎక్కించారు. ఆ రాత్రీ మర్నాడూ నాకు పెద్దగా గుర్తు లేవు. తర్వాత తెలిసింది, ఇంకొక పూట ఇంట్లో ఉండి ఉంటే నన్ను నేరుగా కొండ కింది కాటికి మోసేవాళ్ళే.

తెలివి వచ్చాక పక్క మంచం కనబడింది. చోళపురం నుంచి వచ్చిన ముత్తులక్ష్మి. వాళ్ళూ మా మాటే మాట్లాడే కమతగాళ్ళు. ఆమెకు జబ్బు ఎముకలదాకా పాకిందట. పళ్ళు బిగించి గోడవైపు తిరిగి పడుకునేది. మొగుడు మురుగేశన్ స్టూలు మీదనుంచి లేచేవాడు కాదు. చెడ్డవాడని చెప్పను. ఆమెకు గంజి తాగించేవాడు, కాళ్ళు పిసికేవాడు. కానీ నర్సు వచ్చి నొప్పి ఎట్లుందని అడిగితే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "పరవాలేదమ్మా" అనేవాడు. మా వైపు మర్యాద అది. పెద్దవాళ్ళు అడిగినా డాక్టరు అడిగినా పరవాలేదనే అనాలి, లేకపోతే వాళ్ళ పనిలో తప్పు పట్టినట్టు. నొప్పి ఉంటే ఇమ్మని డాక్టరు మందు రాసిపెట్టాడు. అది అలమారులో ఉంది. మురుగేశన్ పరవాలేదన్నంత కాలం అది అక్కడే ఉంటుంది. మర్యాద అతనిది, నొప్పి ఆమెది.

నేను ఒక పూట పట్టలేక అన్నాను, "ఏమయ్యా, ఆమెకు పరవాలేదని నీకెట్ల తెలుసు?"

"గెట్టి మందు అక్కా అది. వేస్తే లేవరంట," అన్నాడు గుసగుసగా. కళ్ళలో భయం. అతన్ని తిట్టబోయి ఊరుకున్నాను.

జ్వరం దిగిన రోజు మధ్యాహ్నం తేన్మొళి నా మంచం చుట్టూ కర్టెన్ లాగింది. ఎప్పుడూ నిలబడి మాట్లాడే పిల్ల, స్టూలు లాక్కుని నా ముఖానికి ఎదురుగా కూచుంది.

"అమ్మా, మీకు ఏమి జబ్బు అని తెలియాల్నా? వద్దంటే చెప్పను. కావాలంటే దాచను."

తెలియాలనే అన్నాను.

"క్యాన్సర్ అమ్మా. రొమ్ములో వచ్చింది. తీసినారు. ఇప్పుడు వేసేది బలానికి కాదు, మిగిలినది చంపేదానికి. అది మంచి రత్తంను కూడా కొంచెం చంపుతాది, అందుకే జొరం వస్తే ఉడనే రావాల. ఇది మీకు మొదటి దినమే చెప్పి ఉండాల. పెరియవరు వద్దన్నారు, మేమంతా నోరు మూసుకున్నాము. మీరు చచ్చి ఉంటే ఆ పాపంలో నాకు కూడా పంగు ఉంటాది."

గుండె ఆగలేదు. ముందు కోపం వచ్చింది. ఊరంతా నా శవాన్ని ముందే చూసేసి నాకు మాత్రం బలానికని చెప్పారు కదా అని. ఆ తర్వాత భయం వచ్చింది, ఏడ్చాను. తేన్మొళి నా చెయ్యి పట్టుకుని కూచుంది.

"నేను చస్తానా?" అని అడిగాను.

"అది నాకు తెలియదమ్మా. డాక్టర్‌ను మీరే అడగండి, నేను పక్కన నిలబడతాను. కాని వాంతి అయితే, వలి, అదే నొప్పి, ఉంటే, జొరం వస్తే మీ నోటితో మీరే చెప్పాల. అట్లయితే దా నేను ఏమన్నా చెయ్యగలుగుతాను."

డాక్టరును నేనే అడిగాను. ఆయన ముందు నా తల మీదుగా ఎవరైనా ఉన్నారా అని చూశాడు, ఎవరూ లేకపోయేసరికి నాకే చెప్పాడు. తొందరగానే దొరికింది, పోరాడదగ్గదే అన్నాడు. ఇంత మంచి వార్తను కూడా నా దగ్గర దాచారు చూడండి!

మర్నాడు కోయంబత్తూరు నుంచి ఇద్దరూ పరుగున వచ్చారు. నేను మంచం మీదనుంచే, "నాకు క్యాన్సర్ అని తెలుసును" అన్నాను. మా ఆయన గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. ఇన్నాళ్ళూ ఒంటరిగా ఏడ్చినది ఇప్పుడు నా ఎదుట ఏడ్చారు, ఆయనకూ బరువు దిగినట్టుంది. బావగారు మాత్రం ఎవరు చెప్పారని నర్సులను అడుగుతూ బయటికి నడిచారు. వరండాలో ఆయన గొంతు వార్డంతటికీ వినబడింది.

"మా ఇంటి ఆడవాళ్ళకు ఏమి చెప్పాల, ఏమి చెప్పగూడదు అని నువ్వెవరు ముడివు చేసేదానికి? రేపటినుంచి నువ్వు ఈ వార్డులో కాలు పెట్టగూడదు."

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నా నోటి మీద కోపం ఆ పిల్ల మీద పడింది. తేన్మొళిని కింద టోకెన్లు ఇచ్చే కౌంటర్లో కూచోబెట్టారు. నెలాఖరుకు వేరే చోటు చూసుకోమన్నారని ఆయా చెప్పింది. నాకు అన్నం దిగలేదు. నాకు నిజం చెప్పినందుకు ఒక పిల్ల బతుకు పోతుంటే, నేను బావగారి ఎదుట తల వంచుకుని మళ్ళీ చెయ్యి చాపి ఊసి వేయించుకోవాలా? అప్పుడే నిర్ణయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మా ఆయన ముందుగా ఏడుస్తారు.

రెండో ఊసి రోజు వచ్చింది. అదే వార్డు, కిటికీ పక్క మంచం. ముత్తులక్ష్మి ఇంకా అక్కడే ఉంది, ఇంకా చిక్కిపోయి. మా ఆయన స్టూలు మీద కూచున్నారు. ట్రే పట్టుకుని ఒక కొత్త నర్సు వచ్చి ఆయన వైపు తిరిగి, "పొద్దున తిన్నారా సార్, అమ్మ?" అని అడిగింది.

"తినింది," అన్నారు ఆయన అలవాటుగా.

"నేను తినలేదు," అన్నాను. "ఊసి కూడా వేసుకునేది లేదు." చెయ్యి కొంగు లోపలికి లాక్కున్నాను.

నర్సు నవ్వబోయి ఆగింది. మా ఆయన లేచి నిలబడ్డారు. "ఏమి ధనం, విళయాట్టా ఇది?" అన్నారు. ఆటలు కాదన్నాను. తేన్మొళి వచ్చి నన్ను అడిగితేనే చెయ్యి ఇస్తానన్నాను. సూపరింటెండెంట్ వచ్చి బతిమాలింది. డాక్టరు వచ్చి, ఆలస్యం చేస్తే మంచిది కాదమ్మా అన్నాడు. ఆ మాట నిజమేనని నాకూ తెలుసు. ఇప్పుడు నాకు జబ్బు పేరు తెలుసు, ఆ సీసాలో ఉన్నది ఏమిటో తెలుసు, అది లేకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అయినా చెయ్యి బయటికి తీయలేదు.

చివరికి బావగారికి ఫోను వెళ్ళింది. తెల్ల వేష్టి, భుజాన తుండు, వెనకాల మిల్లు మేనేజరు హరికృష్ణన్, ఆయన వచ్చేశారు. వార్డులో స్టూళ్ళ మీది మగవాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

"అందరి ముందర మానం తీస్తా ఉండావు," అన్నారు బావగారు గొంతు తగ్గించి.

"మానం కాదు బావా, ప్రాణం సంగతి ఇది. నాకు జొరం వస్తే ఏమి చెయ్యాల అని మీకు చెప్పినారు. మీరు కోయంబత్తూరు పొయినారు. నేను కషాయం తాగి చావబోయినాను. చెప్పిన పిల్లను తరిమినారు. మీరుగా చెప్పరు, చెప్పేవాళ్ళను చెప్పనివ్వరు."

"నీ మంచికి దా చేసినాము."

"అయితే నా మంచికి ఇప్పుడు తేన్మొళిని పిలవండి."

"పిడివాదం చెయ్యవద్దు ధనం. ఇప్పుడు ఈ ఊసి వేసుకోకుంటే..." అని ఆగిపోయారు.

"వేసుకోకుంటే? చెప్పండి బావా. వేసుకోకుంటే నేను ఏమయితాను? ఊరందరికీ తెలిసిన మాటే కదా."

ఆయన పెదవులు కదిలాయి, మాట రాలేదు. చావడిలో ఎన్ని తగాదాలు తేల్చిన మనిషి! అప్పుడు పక్క మంచం మీదనుంచి బొంగురు గొంతు వినబడింది.

"నాకు నొప్పి ఉండాది."

ముత్తులక్ష్మి. గోడవైపునుంచి ఇటు తిరిగింది. మురుగేశన్ గాభరాపడి, "పరవాలేదు సామీ, అది ఊరికే..." అంటూ బావగారికి దండం పెట్టబోయాడు.

"నువ్వు కూచో," అంది ఆమె మొగుడితో. అన్నేళ్ళలో అతన్ని ఆమె అట్లా అనడం అదే మొదటిసారి అయుంటుంది. "నీకు దా పరవాలేదు. నాకు ఒళ్ళంతా విరుస్తా ఉండాది. రాత్రి పగలు విరుస్తా ఉండాది. నన్ను ఎవరన్నా అడిగితే కదా చెప్పేదానికి?"

మురుగేశన్ కూచున్నాడు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. డాక్టరు అలమారు వైపు నర్సుకు సైగ చేశాడు.

బావగారు ఆమెను కాసేపు చూసి, నా వైపు తిరిగారు. గొంతులో మునుపటి గద్దింపు లేదు గాని పట్టు వదల్లేదు. "మీ అక్కకు కూడా ఇదే జబ్బు. కడసీ దాకా తెలియనీకుండా చూసుకుంటిని. ఏ భయం లేకుండా నిమ్మతిగా పొయింది. నీకు కూడా అట్ల దా అనుకుంటిని."

అక్క అంటే ఆయన భార్య, మా తోడికోడలు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజునుంచి నన్ను కూతురిలా చూసుకున్న మనిషి. ఆమె పేరు ఎత్తగానే నాకు జాలి వేసింది, ఆయన మీద కూడా వేసింది. కానీ ఆ మాటను అట్లా వదిలిపెట్టలేకపోయాను.

"నిమ్మతిగా పొయింది అని ఎవరు చెప్పినారు బావా?"

ఆయన చూశారు.

"నర్సు అడిగినప్పుడంతా మీరే చెప్పినారు. డాక్టరు అడిగితే మీరే. చావుకు వచ్చినవాళ్ళకు కూడా మీరే చెప్పినారు, నిమ్మతిగా పొయింది అని. అక్కను ఒక తూరి అన్నా అడిగినారా?"

బావగారు తుండు తీసి ముఖం తుడుచుకున్నారు, తుడుచుకుంటూనే ఉన్నారు. మా ఆయన వచ్చి భుజం పట్టుకుంటే విదిలించుకోలేదు. కొంతసేపటికి సూపరింటెండెంట్ వైపు చూడకుండానే, "ఆ పిల్లను రమ్మనండి" అన్నారు.

తేన్మొళి మెట్లెక్కి వచ్చింది. వచ్చిందే గాని నేరుగా నా దగ్గరికి రాలేదు. బావగారి ఎదుట నిలబడింది. చేతులు కట్టుకోలేదు.

"అయ్యా, నేను మళ్ళీ వస్తే మంచం మీద ఉండేవాళ్ళను దా అడుగుతాను. వాళ్ళకు దా చెప్తాను. మీ ఇంటివాళ్ళయినా సరి, చోళపురమువాళ్ళయినా సరి. సరి అంటే ఉంటాను. కాదంటే టోకెన్ కూడా ఇయ్యను, ఇప్పుడే పోతాను."

సూపరింటెండెంట్ నోరు తెరిచింది. బావగారు చెయ్యెత్తి ఆమెను ఆపి, తల ఊపారు. ఆ తల ఊపు ఎంత కష్టంగా ఊపారో నేను చూశాను.

తేన్మొళి ముందు ముత్తులక్ష్మి దగ్గరికి వెళ్ళింది. ఎక్కడ నొప్పి, ఎట్లాంటి నొప్పి, మందు వేసినాక తగ్గిందా అని ఆమెనే అడిగింది, మురుగేశన్‌కు ఆ మందు ఏమి చేస్తుందో ఏమి చెయ్యదో ఓపికగా చెప్పింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, నన్ను ఇడ్లీ తినమని, తిన్నానని నా నోటితో చెప్పించుకుని, అప్పుడు చెయ్యి అడిగింది. ఇచ్చాను. నరం దొరకడానికి కష్టమైంది, రెండుచోట్ల గుచ్చింది. పళ్ళు బిగించాను.

సీసాలోంచి మందు దిగడం మొదలైంది. వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే జారుకున్నారు. బావగారు వెళ్ళిపోయారనుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే మంచం పక్కనే నిలబడి ఉన్నారు. ఏం చెయ్యాలో తెలియనట్టు తుండును రెండు చేతులతో మెలిపెడుతున్నారు. మా ఇంట్లో అంతమంది కోడళ్ళు, కూతుళ్ళు, ఎవరి మంచం పక్కనా ఆయన అట్లా నిలబడగా నేను చూడలేదు.

"ధనం," అన్నారు. "నీకు నొప్పి ఉండాదా?"

పరవాలేదు బావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. మింగేశాను.

"ఉండాది బావా. శానా ఉండాది," అన్నాను. "కూచోండి, చెప్తాను."